అత్త ఇంట్లో ఏడుగురం

పోయిన వారం మా కాలేజీలో అధ్యాపకులందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు గది అద్దె, తిండి ఖర్చు మోయలేని బరువవుతున్నాయనీ, వాళ్ళకు ఏ విధంగా సాయపడవచ్చో ఒక్కొక్కరూ తమ సొంత అనుభవం నుంచి ఒక పేజీకి మించకుండా రాసివ్వాలనీ అందులో ఉంది. నా పక్క కుర్చీలో కూర్చునే ఫిజిక్స్ ఆయన పది నిమిషాల్లో రాసిచ్చి టీకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్న భోజనం పెట్టాలనీ, అద్దెల మీద ఒక కమిటీ వేయాలనీ రాశాడట. నేను ‘సొంత అనుభవం’ అన్నచోట ఆగిపోయాను. నా చదువు ఎలా సాగిందో నాకు తెలుసు. దాని ఖర్చు ఎవరి మీద పడిందో కూడా తెలుసు. ఒక పేజీలో పట్టదని కాదు. అది చదివి ఎవరైనా నన్ను మెచ్చుకుంటారేమోనని భయం వేసింది.

తొంభైల చివర్లో నాకు అనంతపురంలో యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు వచ్చింది. మాది హిందూపురం. మా నాయన ఒక బట్టల అంగట్లో గుమాస్తా. సీటు వచ్చిన సంతోషం మా ఇంట్లో రెండు రోజులు ఉంది. మూడో రోజు హాస్టల్లో చేరేటప్పుడు కట్టాల్సిన డిపాజిట్టు సంగతి తెలిసింది. నాయన ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని వేళ్ళ మీద లెక్కలు వేసుకున్నాడు. మర్నాడు పొద్దున నన్ను ప్యాసింజరు రైలెక్కించి ధర్మవరం తీసుకుపోయాడు. అక్కడ మా అత్త ఉండేది. నాయనకు సొంత చెల్లెలు కాదు, చిన్నాయన కూతురు. భర్త పట్టుచీరలు నేసేవాడు. ఆయన పోయాక, తీసుకున్న అడ్వాన్సు కింద షావుకారు మగ్గం విప్పుకొని వెళ్ళాడు. ఉన్న ఒక్క కూతురికీ ఆ ఎండాకాలంలోనే పెళ్ళయింది, పెనుకొండలో ఒక టైలరుతో. రెండు గదుల ఇంట్లో అత్త ఒక్కతే మిగిలింది. ఇరుగుపొరుగు మగ్గాలకు పట్టు కండెలు చుట్టిపెట్టి బతికేది. ధర్మవరం నుంచి అనంతపురం దగ్గర. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రావచ్చు. సీజను టికెట్టు హాస్టలు ఖర్చులో ఒక మూలకు కూడా రాదు. నాయన ఈ లెక్కంతా దారిలో నాకు రెండుసార్లు చెప్పాడు. అత్త ముందు మాత్రం ఊరి సంగతులే మాట్లాడాడు. ఆమే అర్థం చేసుకుంది.

“దుడ్లు వద్దన్నా, పిండి పంపించు చాలు. నేనొక్కదాన్నే సంగటి కెలుక్కుంటే సగం పిండి గిన్నెకే అంటుకొని పోతాండాది” అంది.

ఒకడినే ఉంటే అది మామూలు బంధుత్వంగానే మిగిలిపోయేది. నెల తిరక్కముందే హిందూపురం నుంచి నాతోపాటు డిగ్రీ చదివిన స్నేహితుడు వచ్చి చేరాడు. వాళ్ళది కిరాణా అంగడి. పేరుకు సెట్ల ఇల్లు, అంగడి మాత్రం అప్పటికే సగం మూతపడింది. తర్వాత ఆమడగూరు దగ్గరి పల్లె నుంచి ఒకతను. అతనికి రైల్లో నాతో పరిచయం. వరసగా రెండేళ్ళు చెనిక్కాయ పంట ఎండిపోయిన ఇంటి నుంచి వచ్చాడు. చదువు మానేస్తానని అతను రైలు కిటికీలోంచి చూస్తూ మామూలుగా చెప్పిన తీరు విని నేనే అత్తతో చెప్పాను. ఆ తర్వాత ఇంకో నలుగురు. అత్త ఎవరినీ కాదనలేదు. పద్ధతి ఒక్కటే: నెలకు ఒకసారి ఎవరి ఇంటి నుంచి వాళ్ళు రాగిపిండి, కొంచెం బియ్యం, కందిబ్యాళ్ళు, చింతపండు, చెనిక్కాయలు తెచ్చుకోవాలి. అన్నీ ఒకే డబ్బాల్లో పోయాలి. ఎవరిది ఎంత అని అడగకూడదు. అందులోంచే తనూ తినేది. ఆమడగూరు అతని సంచి నెలనెలా చిన్నదవుతూ రావడం అందరం చూశాం. పద్ధతి ప్రకారం ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఎక్కడైనా విద్యార్థుల సంక్షేమం అన్న మాట వింటే నాకు ఆ రేకు డబ్బాలే కనిపిస్తాయి.

ముందు గదిలో మగ్గం పోయినా దాని గుంట మిగిలింది. నేతగాడు అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి దించి తొక్కుడు చెక్కలు తొక్కే గుంట అది. నడుము లోతు ఉంటుంది. పూడ్పించడానికి అత్తకు మనసొప్పలేదు. మేం దాని మీద ఒక చెక్క పలక అడ్డంగా వేసి, కాళ్ళు లోపలికి పెట్టి కూర్చుని చదివేవాళ్ళం. ఆ ఇంట్లో బల్లా కుర్చీ అంటే అదే. ఒకరి తర్వాత ఒకరికి వంతు. ఎండాకాలంలో కాళ్ళకు చల్లగా ఉండేది కాబట్టి వంతు కోసం తగాదాలు కూడా అయ్యేవి. మా హిందూపురం స్నేహితుడు మొదటిసారి అందులో దిగి, “ఎం.కాం. చదవాలంటే ముందు నడుముదాకా పూడ్చిపెడతారని ఎవరూ చెప్పలేదు కదప్పా” అన్నాడు. లోపలి నుంచి అత్త నవ్వింది. “పైదాకా పూడుస్తారు ఉండు, ఫెయిలు కానీ” అంది.

నవ్వులు ఉండేవి గాని, ఆ ఇంట్లో ఊపిరి సలపనట్టుగానూ ఉండేది. రెండు వైపులా గోడల అవతల మగ్గాలు. తెల్లవారింది మొదలు వాటి చప్పుడు. ఏడుగురం పడుకుంటే ఒకడు లేచి బయటికి పోవడానికి మిగతా ఆరుగురినీ దాటాలి. పొద్దున రైలు తప్పితే బస్సుకు డబ్బు ఉండదు. ఆ రోజు చదువు పోయినట్టే. సాయంత్రం స్టేషన్లో దిగితే నేరుగా ఇంటికే, మరోచోటికి పోవడానికి జేబు ఒప్పుకోదు. స్టేషను, గుంట, గిన్నె. రెండేళ్ళు వీటి మధ్యే తిరిగాం. మాకైనా అది రెండేళ్ళు. అత్తకు మా రైలు వేళలే ఆమె వేళలు. మేం వచ్చాక ఆమె ఒక పెళ్ళికి పోలేదు, ఒక జాతరకు పోలేదు. కూతురిని చూడటానికి పెనుకొండకు పొద్దున పోతే సాయంత్రం మా రైలు కంటే ముందే తిరిగొచ్చేది. “ఒక పూట యాడన్నా నిలబడదామంటే ఏడు నోర్లు గుర్తొస్తాండాయి” అని పక్కింటావిడతో అనడం విన్నాను. అది ఫిర్యాదు కాదు. గొప్పగా చెప్పుకోవడమూ కాదు. వాన రాలేదు అన్నట్టు అనేది.

మొదటి ఏడాది గడిచింది. రెండో ఏడాది సంక్రాంతి దాటాక, కూతురికి ఏడో నెల వచ్చిందని పెనుకొండ నుంచి కబురు వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అందరికీ తెలిసిన సంగతే. వియ్యపురాలు కబురుతో పాటు ఇంకో మాట కూడా పంపింది: ఇంట్లో ఉన్న మొగపిల్లల్ని పంపించేస్తేనే కోడల్ని పంపుతాం. మాకు పరీక్షలు ఏప్రిల్లో. అవే ఆఖరి పరీక్షలు.

అత్త ఆ మాట మాకు చెప్పడానికి నాలుగు రోజులు తీసుకుంది. ఒక సాయంత్రం ఏడుగురికీ ముద్దలు పెట్టి, పప్పు పోసి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. మేం వెంటనే సరేనన్నాం. వేరే మాట ఎలా అంటాం? మర్నాటి నుంచి గదుల కోసం తిరిగాం. అద్దె ఒక ఎత్తు, ముందుగా కట్టాల్సిన అడ్వాన్సు ఒక ఎత్తు. పెళ్ళికాని మొగపిల్లలకు గది ఇవ్వబోమన్నవాళ్ళు కొందరు. ఇస్తామన్నవాళ్ళు చెప్పిన మొత్తం విని మేమే మెట్లు దిగాం. హిందూపురం స్నేహితుడు అప్పుచేసైనా హాస్టల్లో చేరగలడు. నేను కూడా ఎలాగో చేరేవాడినేమో. ఆమడగూరు అతను ఎక్కడా అడగలేదు, తిరగలేదు. మూడో రోజు మేం తిరిగొచ్చేసరికి తన సంచి సర్దుకొని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆ నెల తెచ్చిన పిండి డబ్బాలోనే వదిలేశాడు.

“యాడికప్పా?” అంది అత్త.

“ఊరికి పోతాండా అత్తా. పరీక్షలకు ఊరి నుంచే వస్తాలే.”

ఆమడగూరు నుంచి అనంతపురం వచ్చి పరీక్షలు రాసిపోవడం ఎంత మాటో అందరికీ తెలుసు. పోతే తిరిగి రాడు. అత్త అతని సంచి తీసుకొని లోపల పెట్టింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. చదువుకున్నవాడికి వచ్చే ఆలోచన. పరీక్షలు ఏప్రిల్ మూడో వారానికి అయిపోతాయి. కాన్పు మే నెలలో అంటున్నారు. అమ్మాయి అంతవరకు పెనుకొండలోనే ఉంటే, మేం ఇల్లు ఖాళీ చేసిన మర్నాడే తీసుకొచ్చుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు. అత్తతో చెప్తే ఆమె నా ముఖం చూసి, “నేను ఆ మాట వాళ్ళనడగలేను అల్లుడా” అంది. అడగవద్దని అనలేదు. నేను పెనుకొండ బస్సెక్కాను.

వియ్యపురాలు గడప దగ్గర చేటలో చెనిక్కాయలు ఒలుస్తోంది. నన్ను కూర్చోమంది, నీళ్ళిచ్చింది, అంతా విన్నది.

“ఏమప్పా, మీ అత్త నిన్నంపిందా?”

“లేదు, నేనే వచ్చినా.”

“ఏడుమంది మొగపిల్లోళ్ళు పండుకునే ఇంట్లో పచ్చిబాలింత యాడుంటాదని నేనడిగితే తప్పా?”

“తప్పు లేదమ్మా. అందుకే మేం పోయినాక పిలుచుకొస్తామంటాండేది.”

“నువ్వేం చదువుతాండావు?”

“ఎకనామిక్స్.”

“కాన్పు లెక్కలు దాంట్లో ఉంటాయా?” అంది ఆమె. ఒక చెనిక్కాయ చిట్లించి గింజలు నా చేతిలో పెట్టింది. కోపంగా అన్నట్టు లేదు. ఆ మాటకు నేను నవ్వాను కూడా.

అత్త కూతురు, నా మరదలు, తలుపు పట్టుకొని నిలబడి ఉంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. అత్తగారి వైపు చూసి, “పోనీలే అత్తా, ఆ పిల్లోళ్ళు రాసుకోనీ” అంది. తర్వాత నాతో, “ఒకవేళ ముందే నొప్పులొస్తే మాత్రం అమ్మ నా దగ్గరుండల్ల బావా. ఆ పూటకే రావల్ల. నాకు భయంగా ఉండాది” అంది.

“ఆ పూచీ నాది. నేనే బస్సెక్కించి పంపిస్తా” అన్నాను.

తిరిగొచ్చి సంగతి చెప్తే ఇల్లంతా తేలికపడింది. ఆమడగూరు అతను ఆ సాయంత్రం గుంటలోకి దిగి పుస్తకం తెరిచాడు. హిందూపురం స్నేహితుడు నన్ను రాయబారి అని పిలవడం మొదలుపెట్టాడు. పిలిచినప్పుడల్లా నాకు బాగానే ఉండేది.

ఏప్రిల్లో మా మూడో పేపరు రోజు. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. పక్క వీధిలో ఫోనున్న షావుకారు భార్య వచ్చి వాకిట్లోంచే పిలిచింది. పెనుకొండ నుంచి ఫోను వచ్చిందట. నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. నెల తక్కువ. ఆరు గంటలకు పెనుకొండ మీదుగా పోయే బస్సు ఉంది. అది పోతే మళ్ళీ ఎనిమిదిన్నర దాకా లేదు. అత్త చీర మార్చుకొని సంచి చేతిలోకి తీసుకుంది. గడప దాకా వచ్చి ఆగింది. మేమందరం లేచి నిలబడి ఉన్నాం. మా రైలు ఏడింటికి. మూడు గంటల పరీక్ష.

“ఖాళీ కడుపుతో ఏం రాస్తార్రా. తొలికాన్పు గదా, నొప్పులు పొద్దుగూకేదాకా ఉంటాయి. సంగటి ఒక్కటి కెలికేసి పోతా” అంది.

సంచి కింద పెట్టింది.

ఆ మాట అన్నాక మా ఏడుగురిలో ఎవరైనా ఒక్కడు వద్దనడానికి ఎంతసేపు పడుతుంది? స్టేషను బయట బొరుగులు దొరుకుతాయి. టీ దొరుకుతుంది. ఆ ఒక్క పూట తినకపోతే ఎవరమూ చచ్చిపోము. పూచీ పడ్డవాడిని నేను ఉన్నాను. తొలికాన్పు నొప్పులు సాయంత్రం దాకా ఉంటాయన్న మాట నాకు చాలా నమ్మదగినదిగా తోచింది. నిన్న చదివింది మరిచిపోకుండా ఉండాలంటే కడుపులో ఏదో ఒకటి ఉండాలి అనిపించింది. అత్త పొయ్యి ముట్టించింది. ఎసరు కాగాలి, నూకలు ఉడకాలి, పిండి పోసి ఆవిరికి మగ్గనివ్వాలి, అప్పుడు కెలకాలి. ఎనిమిది మందికి చేసే గిన్నె పెద్దది. ఆమె కట్టెతో కెలుకుతుంటే గిన్నె కదలకుండా ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి. రోజూ వంతులవారీగా పట్టుకునేవాళ్ళం.

ఆ రోజు గిన్నె పట్టుకున్నది నేను.

ముద్దలు చేసి పెట్టింది. తొందరలో తనకు ఉంచుకోలేదు. మేం తిన్నాం. సంగటి ఎప్పటిలాగే ఉంది. నంజుకునే ఊరిబిండి పచ్చడిలో ఉప్పు కొంచెం ఎక్కువైందని కూడా నాకు గుర్తు. మేం తింటుండగా ఆరింటి బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్ళింది. అత్త తల ఎత్తి విని, మళ్ళీ ఆమడగూరు అతని పళ్ళెంలో పప్పు పోసింది. ఆ రోజు నేను పేపరు బాగా రాశాను.

అత్త పెనుకొండ ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర. బిడ్డ తొమ్మిదిన్నరకు పుట్టింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. సాయంత్రం షావుకారు ఇంటికి వచ్చిన ఫోనులో ఇంతే చెప్పారు. మేం సంతోషపడ్డాం. హిందూపురం స్నేహితుడు ఎక్కడినుంచో బెల్లం ముక్క తెచ్చి పంచాడు కూడా. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే చెప్పుకున్నాను.

పరీక్షలయ్యాక మేం ఇల్లు ఖాళీ చేశాం. బాలింతను తీసుకురావడానికి అత్త పెనుకొండ పోయి ఒక్కతే తిరిగొచ్చింది. బిడ్డ బరువు తక్కువ, ప్రయాణం వద్దన్నారు అని చెప్పింది. బిడ్డకు ఐదో నెల వచ్చాక పంపుతామన్నారట. రాలేదు. ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి మా తర్వాతి సంవత్సరం పిల్లలు వచ్చి అడిగారు. అత్త సరేనంది. అలా రెండు వేల సంవత్సరం దాటాక కూడా ఎంతోమంది ఆ గుంటలో కాళ్ళు పెట్టి చదివి ఉద్యోగాలకు పోయారు. నేను అప్పుడప్పుడు ఒక బియ్యం మూటతో పోయేవాడిని. ప్రతిసారీ వాకిట్లో కొత్త చెప్పులు. ప్రతిసారీ ఆమె గిన్నె దగ్గరే. “ఇంక చాలించు అత్తా, కూతురింట్లో పోయుండు” అని ఒకసారి అన్నాను. “యాడికి పోదును అల్లుడా, ఈళ్ళకు ఈ నెలలో పరీక్షలుండాయి” అంది. ఊళ్ళో ఆమెను మహాతల్లి అనేవారు. ఆ మాట వినబడితే లేచి లోపలికి వెళ్ళిపోయేది.

పోయిన ఆషాఢంలో అత్త పోయింది. దినాల నాడు మేం ఏడుగురిలో ఐదుగురం వచ్చాం. ఆమడగూరు అతను ఇప్పుడు ఆఫీసరు. వచ్చినప్పటి నుంచి అందరికీ వడ్డిస్తూనే ఉన్నాడు, కూర్చోమంటే కూర్చోలేదు. నా మరదలు భోజనాలయ్యాక వెనక వాకిట్లో గిన్నెలు సర్దుతుంటే నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా అడగాలనుకున్న మాట అడగలేకపోయాను. ఆమే చెప్పింది.

“ఆ పొద్దు అమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది బావా. నేనొక్క మాటే అడిగినా. ‘వాళ్ళు తిని పోయినారామ్మా?’ అని. ‘తిని పోయినారు’ అనింది. అంతే. ఆయమ్మ అబద్ధం చెప్పింటే బాగుండు. బస్సు దొరకలేదు అనింటే నేను నమ్మింటాను.”

తప్పు నాది అన్నాను. ఆమె తల ఊపింది. కాదనలేదు. తప్పు ఎవరిదో ఎప్పుడో తేల్చుకున్న మనిషిలా ఊపింది. ఏదో ఒకటి చేయాలనిపించింది నాకు. ఆ రోజు పుట్టిన అమ్మాయికి మా కాలేజీలో డిగ్రీ సీటు వచ్చిందని అంతకుముందే విన్నాను. హాస్టలు ఖర్చు గురించి వాళ్ళు మాట్లాడుకోవడం కూడా విన్నాను. పిల్ల మా ఇంట్లో ఉండి చదువుకుంటుంది, ఏమీ ఇవ్వక్కర్లేదు, మా ఇంటావిడ కూడా సంతోషిస్తుంది అన్నాను.

“వద్దు బావా” అంది ఆమె. గొంతులో కోపం లేదు. “పెనుకొండ నుంచి రైలుకు పోయొస్తాది. ఒకరింట్లో ఒకరు తింటాంటే, ఇంకొకరు యాడో ఒకచోట కాచుకోని ఉండల్ల.”

అని కడిగిన గిన్నె బోర్లించి లోపలికి పోయింది. నేను అక్కడే నిలబడ్డాను. ఎనిమిది మందికి సంగటి చేయడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ ముప్పావు గంట మాదేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఎవరిదో తెలిసేసరికి తిరిగి ఇవ్వడానికి అత్త లేదు. తీసుకోవడానికి ఆమె కూతురు సిద్ధంగా లేదు.